కంటి తెలుపు

ఫిబ్రవరి 9

లెక్కల పుస్తకంలో రాసినవి: ప్రింటు కాగితం, కరెంటు బిల్లు, టీలు. రాయనిది: బడి ఫోటోలన్నీ తిరిగొచ్చాయి. దానికి ఆ పుస్తకంలో గడి లేదు. అందుకని బామ్మర్ది ఎప్పుడో ఇస్తే బీరువాలో పడేసిన ఈ డైరీ తీశాను.

పెద్ద టీచరు స్వయంగా వచ్చింది. కవర్ల పెట్టె కౌంటరు మీద దించి, ఒక ఫోటో తీసి బామ్మర్ది ముఖానికి ఎదురుగా పట్టుకుంది.

“వీడు మా బడి పిల్లాడా, నూతిలోంచి తీసిన పిల్లాడా?”

బామ్మర్ది నవ్వబోయి ఆగిపోయాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. కర్టెన్ సందులోంచి అంతా కనబడుతోంది.

“మా పిల్లల చొక్కాలు తెల్లవి. వీటిలో ఒక్కటి తెల్లగా ఉంటే చూపించు. మొహాలైతే చెప్పక్కర్లేదు, బూడిద పూసినట్టున్నాయి.”

ఎప్పుడూ బయటికి రానివాణ్ణి, కర్టెన్ తీసి వచ్చాను. “నీలిమందు ఎక్కువ పెట్టి ఉతికి ఉంటారండీ,” అన్నాను.

“అందరిళ్ళలోనా? ఒకే బకెట్లోనా?”

నెలాఖరున బళ్ళో సభ ఉందట. ఆ లోపు సరైన ఫోటోలు రాకపోతే ఇంకో స్టూడియో చూసుకుంటామని చెప్పి వెళ్ళిపోయింది. ఈ షాపు సగం నిలబడింది ఆ బడి మీదే.

ఆమె మెట్లు దిగేదాకా ఆగి బామ్మర్ది మెల్లగా అన్నాడు. “బావా, ఏమనుకోకు. ఒకసారి కళ్ళు చూపించుకో.”

ఫిబ్రవరి 10

నా కళ్ళకేం కాలేదు.

ఫిబ్రవరి 11

నిన్న ఒక్క ముక్క రాసి మూసేశాను. ఈ రోజు వరసగా రాసుకుంటాను. లెక్కలో తేడా వస్తే మొదటి నుంచి కూడుకుంటూ వస్తాం కదా, ఇదీ అలాగే.

ఫోటోలు తీసేది బామ్మర్ది. రంగు సరిచేసేది నేను. ట్యూబులైటు ఆకుపచ్చ పూస్తుంది, మామూలు బల్బు పసుపు పూస్తుంది, ఎండపూట నీడ నీలం పూస్తుంది. ప్రతి వెలుతురూ మనుషుల మీద తన రంగు కొంచెం రాసి పోతుంది. నేను దాన్ని దొంగరంగు అంటాను. చదువుకున్నవాళ్ళు ఏమంటారో తెలియదు, నాకు ఎవరూ నేర్పలేదు. దొంగరంగును పట్టుకోవాలంటే ఫోటోలో అసలు రంగే లేనిది ఒకటి ఉండాలి. కంప్యూటర్ తెర మీద ఉండే డ్రాపర్ గుర్తును దాని మీద పెట్టి నొక్కాలి. ఇది రంగు లేనిది, దీన్ని నమ్ము అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పడం అన్నమాట. మిగతాదంతా దాన్ని బట్టి సర్దుకుంటుంది. ఒక్క ఫోటోకు చేస్తే చాలు, అదే దీపాల కింద తీసిన ఫోటోలన్నిటికీ అదే కొలత.

అందుకోసం మాకొక బూడిదరంగు అట్ట ఉండేది, గ్రే కార్డు. వానాకాలంలో ఏదో హాల్లో పనికి వెళ్ళినప్పుడు పోయింది. కొత్తది తెప్పిస్తానని బామ్మర్ది అంటూనే ఉన్నాడు. నేనే అక్కర్లేదన్నాను.

ఎందుకు అక్కర్లేదో ఎవరికీ చెప్పలేదు. ప్రతి పనికీ ముందు దీపాలు చూసుకోడానికి మా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫోటో తీస్తాం. కౌంటరు చూసుకునేది ఆవిడే కాబట్టి ఎప్పుడూ చేతికి అందుబాటులో ఉంటుంది. ఆ ఫోటోలో ఆవిడ కంటి తెలుపు మీద డ్రాపర్ పెడుతున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచి చూస్తున్నాను. అంత తెల్లనిది నాకింకోటి తెలియదు.

అట్టకన్నా బాగా పనిచేసింది.

బడి పిల్లల్నీ ఇక్కడికే తీసుకొచ్చారు, తరగతి తరువాత తరగతి. అవే దీపాలు, అదే కుర్చీ, అదే పద్ధతి. తప్పు ఇక్కడ లేదు. మానిటర్‌లో ఉండాలి.

ఫిబ్రవరి 12

మానిటర్‌కు ఎదుటి గోడ లేత ఆకుపచ్చ. దాని రంగు తెర మీద పడుతుందేమోనని బూడిదరంగు గుడ్డ తెచ్చి గోడంతా కప్పాను. తేడా ఏమీ లేదు. సాయంత్రం ప్రింటరు కడిగాను.

షాపు వెనకే ఉన్న ఇంట్లోకి వెళ్ళేసరికి వంటింట్లోనూ పడకగదిలోనూ తెల్ల బల్బులు తీసేసి పసుపు బల్బులు పెట్టించి ఉంది. తెల్లవి కళ్ళలో పొడుస్తున్నాయట. రోజంతా రంగులతో పడే చావు చాలు, ఇంట్లో ఏ వెలుతురైతే నాకేం.

కంచంలో సగం వదిలేసింది. అరగడం లేదంది.

లెక్కలో: సబ్బు. ఈ నెలలో ఇది మూడో రకం. ఏది వాడినా ఒళ్ళు దురద అంటోంది.

ఫిబ్రవరి 13

బడి ఫోటోలన్నీ మొదటి నుంచి చేశాను. ఆవిడ ఫోటో తెరిచి, కంటి తెలుపు మీద డ్రాపర్ పెట్టి, అదే కొలత అన్నిటికీ ఇచ్చాను. కొన్ని ప్రింటు తీశాను. మళ్ళీ నీలమే.

నిజం రాసుకోవాలంటే, చొక్కాలు నీలంగా ఉన్నాయని తెర మీద నాకూ కనబడుతోంది. కానీ చొక్కా ఎలా ఉతికారో నాకేం తెలుసు? సున్నం కూడా తెలుపే అంటాం, పాలు కూడా తెలుపే అంటాం. దేన్నో ఒకదాన్ని నమ్మి మొదలెట్టాలి.

బామ్మర్ది ప్రింట్లు చేతిలో పేకముక్కల్లా పరచుకుని చూశాడు. కౌంటరు దగ్గర ఆవిడ కవర్ల మీద పేర్లు రాస్తోంది.

“బావా, కామెర్లొచ్చినవాడికి లోకమంతా పచ్చన అంటారు. నీకేమొచ్చిందో గానీ లోకమంతా నీలం.”

ఆవిడ పెన్ను అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళింది. తమ్ముడు నన్ను వెటకారం చేశాడని కోపం వచ్చినట్టుంది. వాడూ అలాగే అనుకున్నాడు. “అక్కా, ఊరికే అన్నానే!” అని కేకేశాడు. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

తర్వాత వాడు నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇప్పుడు ఒక్క బటన్ నొక్కితే రంగులు అదే సరిచేసే సాఫ్ట్‌వేర్ వచ్చిందట.

“నువ్వు వద్దని కాదు బావా. నీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది.”

విశ్రాంతి. ఈ గది, ఈ కుర్చీ తప్ప నాకు రెండో విద్య లేదు.

ఫిబ్రవరి 16

పక్క కొట్లో దర్జీని వీధంతా కత్తెర అనే పిలుస్తుంది, నోరు అలాంటిది. దారం రంగు కలపాలంటే మిషను ఆపి, గుడ్డా దారం రెండూ పట్టుకుని గుమ్మం బయటికొస్తాడు. దీపం కింద ఏ రంగునూ నమ్మడు. ఈ రోజు నేనే అతని కొట్లోకి వెళ్ళి, నీలం దారాలన్నీ కలిపేసి వరసగా పేర్చనిమ్మన్నాను. ఎందుకని అడిగాడు. ఊరికే అన్నాను.

పేర్చాను. కత్తెర బయటికి తీసుకెళ్ళి చూసి వచ్చాడు. “నా దగ్గర పనికి చేరతావేంటి?” అన్నాడు.

అంటే నా కళ్ళు బాగానే ఉన్నట్టే కదా.

అప్పుడే ఆవిడ టీ తీసుకుని వచ్చింది. కత్తెర గ్లాసు అందుకుంటూ ఆవిడ వైపు తేరిపార చూశాడు.

“ఏం చెల్లెమ్మా, అంత పచ్చగా ఉన్నావు? ఒంట్లో బాగాలేదా?”

ఆవిడ ఏమీ అనకముందే నేను అన్నాను. “ఆ పైన నువ్వు కట్టిన పసుపు పందిరి గుడ్డ చూడు. దాని కింద నిలబడితే నువ్వూ అంతే. వెలుతురు దాంట్లోంచి దిగి మనిషి మీద పడుతుంది.”

కత్తెర పైకి చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. “అదీ నిజమే. రంగుల్లో నీతో ఎవరు వాదిస్తారు?”

ఆవిడ నా వైపు చూసి నవ్వింది. ఈ మధ్య అలా నవ్వి చాలా రోజులైంది.

ఫిబ్రవరి 18

షాపులో ప్రింటరు ఇంకు కోసమని చెప్పి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చుక్కల బొమ్మల్లో అంకెలు చదివించాడు, లైటు వేసి చూశాడు. దగ్గరి చూపుకు అద్దాల పవరు కొంచెం పెంచాలి, అంతే. రంగులకేం ఢోకా లేదట.

సంతోషించాల్సింది. బస్సులో కూర్చున్నాక వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. కన్ను బాగుంది, మానిటర్ బాగుంది, ప్రింటరు బాగుంది, దీపాలు బాగున్నాయి. మరి అబద్ధం చెబుతున్నది ఏది?

ఇంకు తీసుకోవడం మరిచిపోయాను. ఏదో చెప్పి నెట్టుకొచ్చాను.

ఫిబ్రవరి 19

పెద్ద టీచరు మళ్ళీ వచ్చింది. ఈసారి అరవలేదు. సంచిలోంచి పిల్లల చొక్కా ఒకటి తీసి, మడత విప్పి, నా బల్ల మీద పరిచింది. ఇస్త్రీ వేడి ఇంకా ఉంది.

“మీరు పనిమంతులని మీ బామ్మర్ది చెబుతున్నాడు. మంచిది. ఇది తెలుపో నీలమో మీరే చెప్పండి.”

చొక్కా తీసుకుని గుమ్మం బయటికి వెళ్ళాను, కత్తెరలాగ. తిప్పి చూశాను, కాలరు చూశాను. నీలిమందు జాడే లేదు.

“తెలుపేనండీ.”

“హమ్మయ్య. ఇంటిదాకా వచ్చి రుజువు చూపించుకోవాల్సి వచ్చింది.” చొక్కా నా దగ్గరే వదిలేసి వెళ్ళింది.

ఆమె వెళ్ళాక ఒక పిల్లాడి ఫోటో తెరిచి, చొక్కా మీద డ్రాపర్ పెట్టాను. ఒక్కసారిగా పిల్లాడికి ప్రాణం వచ్చింది. బుగ్గలు, పెదాలు, వెనక తెర, అన్నీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. అదే కొలత తరగతులన్నిటికీ ఇచ్చాను. అన్నీ బాగున్నాయి.

తర్వాత, ఎలాగూ అన్నిటికీ ఇచ్చాను కదా అని, ఆ రోజు తీసిన ఆవిడ ఫోటోకు కూడా ఇచ్చాను.

కాదు. అది వేరే. ఆవిడ ఫోటో తీసినప్పుడు దీపాలు అప్పుడే వేశాం. వేడెక్కేదాకా వాటి వెలుతురు కొంచెం పసుపుగా ఉంటుంది. అందుకే అలా వచ్చింది. దీపాలు వేడెక్కాక ఆవిణ్ణి ఇంకోసారి కూర్చోబెట్టి తీస్తే తేలిపోతుంది.

ఫిబ్రవరి 20

రేపు తీయాలి.

ఫిబ్రవరి 21

ఈ రోజు కుదరలేదు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 22

బామ్మర్ది పొద్దున్నే కేక వేశాడు. “బావా, అట్ట దొరికింది! గొడుగుల సంచి అడుగున నక్కి కూర్చుంది.” ఫ్లాష్ దీపాలకు తగిలించే గొడుగుల సంచి అది. వానాకాలం నుంచి ఎవరూ దులపలేదు.

నేను గ్రే కార్డు తుడిచి చేత్తో పట్టుకున్నాను. “దీపాలు వేసి ఉంచు. కాస్త వేడెక్కనీ. మీ అక్కను పిలు.”

ఆవిడ రానంది. “ఇప్పుడెందుకు? ఎవరి పనీ లేదుగా ఈ రోజు. జుట్టు చూడండి, కాకిగూడులా ఉంది.”

“నీ జుట్టు ఎవరిక్కావాలి అక్కా? వచ్చి ఈ అట్ట పట్టుకుని కూర్చో. నిమిషం పని.”

కూర్చుంది. అట్టను గుండెల దగ్గర పట్టుకుంది. మొదటి ఫోటోలో కళ్ళు దించుకుంది. రెండోదాంట్లోనూ అంతే.

“అట్టలో ఏముందే చూడ్డానికి? నన్ను చూడు!”

మూడోసారి తల ఎత్తింది. తమ్ముణ్ణి చూడలేదు. కెమెరా పక్కన నిలబడ్డ నన్ను చూసింది.

ఫోటో లోపలికి తెచ్చుకుని తలుపు వేసుకున్నాను. గ్రే కార్డు మీద డ్రాపర్ పెట్టి నొక్కాను. అట్ట అట్టలా ఉంది. వెనక తెర తెరలా ఉంది. ఆవిడ పక్కన ఉంటే మంచిదని కుర్చీ వీపుకు తగిలించిన బడి చొక్కా, బయట చూసిన చొక్కా ఎలా ఉందో అలాగే ఉంది.

ఆవిడ పచ్చగా ఉంది. కళ్ళ తెలుపు ఎక్కడుండాలో అక్కడ పాత కాగితం రంగు ఉంది.

నీలం, పసుపు సర్దే గీత మీది స్లైడర్ పట్టుకుని ఎడమకు జరిపాను. నీలం కలిసేకొద్దీ ఆవిడ తేరుకుంటూ వచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి, చెంపలు మామూలుగా అయ్యాయి. చొక్కా నీలం తిరిగింది. కుడికి జరిపాను. చొక్కా తెల్లబడింది. ఆవిడ మళ్ళీ పచ్చబడింది. అటూ ఇటూ జరుపుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. రెండూ ఒకేసారి తెల్లగా ఉండే చోటు ఆ గీత మీద ఎక్కడా లేదు.

ఎడమకు జరిపి సేవ్ చేసి, కంప్యూటర్ ఆపేశాను.

ఫిబ్రవరి 23

బడి ఫోటోల ప్రింట్లు పూర్తయ్యాయి. చాలా బాగా వచ్చాయి.

ఫిబ్రవరి 24

నిన్న రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది.

పొద్దున ఆవిడ వంటింట్లో ఉంది. దీపం వేసి ఉంది, కిటికీకి కర్టెన్ దించి ఉంది. తెల్లారాక దీపం ఎందుకు, కర్టెన్ ఎందుకు? ఇన్ని రోజులుగా నా ముందే ఉంది ఇది. వెళ్ళి దీపం ఆర్పి, కర్టెన్ పక్కకు లాగాను. ఎండ వచ్చి ఆవిడ ముఖం మీద పడింది.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉంది. “తెలిసిపోయిందా?” అంది.

“నువ్వు చెప్పాలి కదా!”

“మీరు చూడాలి కదా.”

పొయ్యి మీద ఏదో మాడుతోంది. ఆవిడే కట్టేసింది.

“బల్బులు అందుకే మార్చావా?”

“మీరే చెప్పారుగా ఒకసారి, పసుపు దీపం కింద పసుపు తెలియదని. కన్ను అలవాటు పడిపోతుందని. మీ విద్యే.” నవ్వడానికి చూసింది. చెయ్యి గోక్కుంటోంది, అప్పుడు చూశాను, మోచేతి దాకా గోళ్ళ గీతలు. మూడు రకాల సబ్బులు కొనిచ్చాను, చెయ్యి ఒక్కసారి తిప్పి చూడలేదు.

“ఒంటికి వెళితే టీ రంగులో వస్తోంది,” అంది గోడవైపు చూస్తూ. “ఈ బడి పని తెమలనీ, తర్వాత చెబుదామనుకున్నాను. వాడు మిమ్మల్ని కుర్చీలోంచి లేపేస్తాడేమోనని మీరు అంత గుబులుగా ఉంటే, మధ్యలో ఇదొకటా?”

“అందుకేనా?”

“కాదు,” అంది. ఆ తర్వాత చాలాసేపటికి, “మా అమ్మకు కూడా మొదట దురదే,” అంది.

బట్టలు మార్చుకోమన్నాను. ఆస్పత్రికి వెళ్ళాం.

ఫిబ్రవరి 25

రక్తం తీసుకున్నారు, స్కాన్ తీశారు. కాలేయం నుంచి పసరు దిగే గొట్టానికి ఎక్కడో అడ్డం పడిందట. ఆ పసరే ఒళ్ళంతా పాకుతోందట. అడ్డం పడింది రాయో గడ్డో ఈ స్కాన్‌లో స్పష్టంగా లేదట. ఇంకో పరీక్ష చెయ్యాలన్నారు.

డాక్టరు చిన్నావిడ, మాట మెత్తగా ఉంది. “ఎప్పట్నుంచి ఇలా ఉంది?” అని అడిగింది.

“పది రోజులు,” అంది ఆవిడ.

“సరిగ్గా గుర్తు చేసుకోండమ్మా. అది తెలిస్తే మాకు ఉపయోగం.”

ఆవిడ నా వైపు చూడలేదు. నేను షాపుకు వెళ్ళాను.

ఆవిణ్ణి కూర్చోబెట్టి తీసిన ఫోటోలన్నీ ఉన్నాయి, పని పనికీ ఒకటి. నేను చేసిన సవరణ ప్రతిదాంట్లోంచీ తీసేశాను. అవే దీపాలు కాబట్టి అన్నిటికీ గ్రే కార్డు కొలత ఒకటే ఇచ్చి, తెర మీద వరసగా పెట్టాను. ఎడమ చివర మా ఆవిడ. కుడికి వచ్చేకొద్దీ కొంచెం కొంచెంగా, ఎండకు పెట్టిన కాగితంలా. మధ్యలో ఏ ఫోటో దగ్గరా, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చెప్పలేం. అందుకే కదా పని పనికీ కాస్త నీలం ఎక్కువ కలుపుతూ వచ్చినా నాకు తెలియలేదు. ఆవిణ్ణి ప్రతిసారీ నేనే నయం చేసి పంపించాను.

బామ్మర్ది వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో చూసుకోలేదు. తెర మీదకు వంగాడు.

“ఇదేంటి బావా?”

చెప్పాను. డ్రాపర్ ఎక్కడ పెడుతూ వచ్చానో కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను. కుర్చీ కోళ్ళు పట్టుకుని కింద కూర్చుండిపోయాడు.

“అమ్మకి రాయి కాదు బావా,” అన్నాడు. “గడ్డ.”

ఆస్పత్రికి తిరిగివెళ్ళి డాక్టరుకు చెప్పాను. కంటికి దొరకలేదు గానీ, డ్రాపర్ చూపించే అంకెల్లో కొత్త సంవత్సరం మొదటి పనికి తీసిన ఫోటోలో ఉంది, దాని ముందుదాంట్లో లేదు. ఆమె రాసుకుంది.

ఫిబ్రవరి 26

లెక్క రాయలేదు. 

వాళ్ళు ఏ సంగతీ చెప్పడం లేదు. వార్డులో దీపాలన్నీ ట్యూబులైట్లే. మంచం దగ్గర ఎవరు నిలబడినా ఆకుపచ్చగా కనిపిస్తున్నారు. ఆవిడ ముఖంలో ఏది జబ్బు, ఏది దీపం అని విడదీస్తూ కూర్చున్నాను. ఇది తప్ప ఇంకేమీ రాదు నాకు.

ఫిబ్రవరి 27

పరీక్ష రేపు. గొంతులోంచి సన్నటి గొట్టం పంపి చూస్తారట.

ఆవిడ అడిగింది, “బడి ఫోటోలు ఇచ్చేశారా?”

“లేదు.”

“సభ రేపే కదండీ! వెళ్ళి ఇచ్చి రండి. ఇక్కడ నా మొహం చూస్తూ కూర్చుంటే అది తెల్లబడుతుందా?”

బామ్మర్దిని ఆవిడ దగ్గర ఉంచి బడికి వెళ్ళాను. పెద్ద టీచరు ఒక్కో కవరూ విప్పి చూసింది. మెచ్చుకోలు మాట ఏదీ అనలేదు గానీ, ఒక పిల్లాడి ఫోటో దగ్గర ఆగి నవ్వింది.

“ఇప్పుడు వీడు వీడిలా ఉన్నాడు. ఇంతకీ ఏమైందండీ అప్పుడు?”

“తెలుపు కానిదాన్ని తెలుపనుకున్నానండీ.”

ఇంకేదో అడగబోయి నా ముఖం చూసి మానేసింది. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చింది.

ఫిబ్రవరి 28

లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “ఏమండీ, ఇన్నాళ్ళూ డ్రాపర్ నా కంట్లో పెట్టారటగా? వాడు చెప్పాడు.”

“ఊఁ.”

“అంటే బడి పిల్లలందరికీ నా జబ్బు మీరే అంటించారన్నమాట.”

స్ట్రెచర్ తోసేవాడికి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ నవ్వుతూనే లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

బామ్మర్ది, నేను బయట బల్ల మీద కూర్చున్నాం. వాడు చెప్పులు విడిచి మళ్ళీ తొడుక్కుంటున్నాడు. నేను ఎదుటి గోడ చూస్తున్నాను. గోడ తెల్లది, కింద సగం గచ్చు రంగు పడి కాస్త ఎర్రగా ఉంది. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి వెలుతురు గోడ మీద పడి పోతోంది. నాలుగుసార్లు తెరిచారు. నాలుగుసార్లూ వేరేవాళ్ళ కోసం.

ఐదోసారి చిన్న డాక్టరమ్మ. మాస్కు కిందికి లాగి చెప్పింది. “రాయి. తీసేశాం.”

“గడ్డ కాదా?” బామ్మర్ది గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది.

“గొట్టంలో ఇంకేమీ కనబడలేదు. అయినా చిన్న ముక్క పరీక్షకు పంపాం. మా అనుమానం తీరాలి కదా.”

వాడు నన్ను కావలించుకున్నాడు. నాకు ఏం చెయ్యాలో తెలియక వాడి వీపు మీద తట్టాను. 

మార్చి 5

ముక్క పరీక్ష కాగితం వచ్చింది. ఏమీ లేదు. ఏమీ లేదు అని రెండుసార్లు చదివించుకున్నాను.

మార్చి 7

ఇంటికి తీసుకొచ్చాం. పసుపు బల్బులు తీసేశాను. ఆవిడ చూస్తూ, “పాపం, మంచి బల్బులు,” అంది.

పచ్చదనం ఒక్క రోజులో పోదట. చర్మం ముందు తేరుకుంటుందట, కళ్ళు చివర.

గ్రే కార్డుకు తాడు కట్టి కెమెరా స్టాండుకు తగిలించాను. ఒక్క బటన్ సాఫ్ట్‌వేర్ మాట బామ్మర్ది ఎత్తలేదు. నేనే అడిగాను. “తెప్పించు, అదీ చూద్దాం. నేను చూసిందే చూపు అనుకుంటే ఏమైందో చూశావుగా,” అన్నాను. వాడు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

మార్చి 11

కత్తెర పలకరించడానికి వచ్చాడు. జేబులోంచి చేతి వెడల్పు తెల్ల గుడ్డ ముక్క తీసి నాకిచ్చాడు. “ఉతకనిది. రోజూ పొద్దున చెల్లెమ్మను గుమ్మం బయటికి పిలిచి, ఇది చెంప పక్కన పెట్టి చూడు. నా పందిరి కింద మాత్రం వద్దు.” 

పందిరి మాట అన్నాక ఇద్దరం కాసేపు నేల చూపులు చూశాం.

మార్చి 14

పొద్దున గుమ్మం బయట గుడ్డ పెట్టి చూశాను.

“పోయిందా?” అంది. ఆ కళ్ళు నా వైపే ఉన్నాయి. 

“పోయింది,” అన్నాను.

గుడ్డ నా చేతిలోంచి లాక్కుని తిన్నగా పక్క కొట్టుకు వెళ్ళింది. నాకు ఇక్కణ్ణుంచే వినబడుతోంది.

“అన్నయ్యా, చూసి చెప్పు.”

కత్తెర ఆవిణ్ణి పందిరి అవతలికి, ఎండలోకి తీసుకెళ్ళాడు. “ఇంకా ఉంది చెల్లెమ్మా. అబద్ధం ఎందుకు?”

తిరిగొచ్చి గుడ్డ నా చేతిలో కుక్కింది. “ఇన్నాళ్ళూ కంప్యూటర్‌లో నయం చేశారు. ఇప్పుడు నోటితో మొదలెట్టారా?”

మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు.

మార్చి 15

“పోయిందా?”

“లేదు.”

మార్చి 16

“లేదు.” ఆవిడ ముఖం వాడిపోయింది. అయినా మార్చి చెప్పలేదు.

మార్చి 19

పొద్దున గుమ్మం బయట. మబ్బు పట్టి ఉంది. రంగు చూడ్డానికి మబ్బు వెలుతురే మంచిది, నీడలు పడవు. గుడ్డ చెంప పక్కన పెట్టి, ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను చూశాను. పక్క చూపు చూడమన్నాను. పైకి చూడమన్నాను.

“ఏమంటోంది మీ గుడ్డ?”

“ఇంకా ఉంది. నల్లగుడ్డు చుట్టూ పోయింది. బయటి కొసల్లో ఉంది.”

“ఎంత?”

“కొంచెం.”

“నిన్నటికన్నా?”

“తగ్గింది.”

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను చూసినంత శ్రద్ధగానే చూసింది. తర్వాత పక్క కొట్టు వైపు ఒకసారి తల తిప్పింది. కత్తెర మిషను ఆపి, సిద్ధంగా, ఇటే చూస్తున్నాడు.

ఆవిడ అతనికి చెయ్యి ఊపి, లోపలికి వచ్చేసింది.